ముట్టకూడని దినం

ముత్యాలపేటలో ఇనుప సామాను కొనడమంటే తుప్పుకు మేత కొనడమే. మా వీధిలోకి సముద్రం కనబడదు గానీ, దాని ఉప్పు మాత్రం కిటికీ చువ్వల్లో, తలుపు గొళ్ళేల్లో కాపురముంటుంది. అలాంటి ఊళ్ళో మా బావ కుప్పుస్వామి ఉక్కు మీద పూలు చెక్కి బతికాడు. బంగారు రేకు పెట్టి కొడితే నగ మీద పువ్వు తేలే అచ్చులు అవి. అరచేతిలో ఇమిడే దిమ్మ మీద మల్లెమొగ్గ, మామిడిపిందె, నెమలి, అన్నీ తలవెంట్రుకంత సన్నని గీతలే. అచ్చు అద్దంలా ఉండాలి. దాని మీద ఒక్క మచ్చ పడినా ఆ మచ్చ ప్రతి నగ మీదా పడుతుంది.

ఈమధ్య ఆయనకు చెయ్యి వణకడం మొదలైంది. అది తగ్గేది కాదన్నాడు డాక్టరు. ఇక కొత్త అచ్చు చెక్కలేడు. ఉన్నవాటితో రేకులు కొట్టి కంసాలులకు ఇస్తూ మిగిలిన కాలం వెళ్ళదీద్దామనుకున్నాడు. అవి పోతే ఆయనకు పనీ లేదు, ఆ పని తెచ్చిన పేరూ లేదు. అందుకే 2007 ఎండాకాలంలో పెరటి గదికి ఏసీ పెట్టించాడు. తనకు కాదు, చెమ్మ తగలకూడని అచ్చులకు. మా అక్క లీలమ్మ వంటింట్లో ఉడికిపోతూ, పెళ్ళాం కంటే ఇనుముకే యోగముందని దెప్పేది. దెప్పుతూనే, ఆ గది తలుపు ఓరగా కనబడితే పరుగున వెళ్ళి మూసేది కూడా ఆమే.

ఆయుధ పూజ వచ్చింది. ఆ రోజు మా వాళ్ళు పనిముట్టు అనేదాన్నల్లా కడిగి, గంధం కుంకుమ పెట్టి, సెలవిస్తారు. మరునాడు విజయదశమి పొద్దున మళ్ళీ పూజ చేసేదాకా దాన్ని ముట్టకూడదు. ముడితే చేతిలోని విద్య చెయ్యి దాటిపోతుందని నమ్మకం. బావ తుప్పు పట్టకుండా అచ్చులకు పూసిన నూనెనంతా కిరసనాయిలుతో కడిగి, పీట మీద వరసగా పేర్చి గంధం పెట్టాడు. ఏసీకీ కుంకుమ పెట్టాడు. అదీ పనిముట్టే కదా, దానికీ సెలవు. స్విచ్చి ఆపి, హారతికి వచ్చే ఇరుగుపొరుగుల కోసం తలుపూ కిటికీలూ బార్లా తెరిచాడు. బయట అప్పుడే వాన వెలిసి ఊరంతా ఉక్కగా ఉంది.

ఏసీ లేని రోజుల్లో ఇదంతా ఎలాగో చెల్లిపోయేది. ఈసారి ఉక్కు చల్లగా ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సోడా సీసాకు పట్టినట్టు, కర్పూరం ఆరేలోపే అచ్చులన్నిటికీ చెమట పట్టింది. పూల గీతల్లో నీళ్ళు నిలిచాయి.

భుజం మీది తువ్వాలు తీశాను. బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

“వద్దు సీనా. రేపు పూజ అయినాక తుడస్తాం.”

“రేపటికి ఏముంటాది బావా? నేనే తుడస్తా. పాపమేందో నాకే రానీ.”

“నీకేంది పాపం? విద్య నాది గదా. చెయ్యి సగం పొయ్యింది. మిగిలింది గూడా యాడ పోతాదో.”

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ అమ్మవారికి కళ్ళు లేవా అని అరిచాను. ఏసీ అయినా వేద్దామని అక్క బతిమాలింది. దానికీ పూజ చేశాం కదా అన్నాడు బావ. వచ్చినవాళ్ళు ప్రసాదం పెట్టిన శనగల సుండల్ తిని, గది ఎంత లక్షణంగా ఉందో అని మెచ్చుకుని వెళ్ళారు. ఆయన మాత్రం ఆ పీట ముందే కూర్చుని, తడి ఆరుతుందేమోనని చూస్తూ ఉండిపోయాడు.

మరునాడు పూజ అయ్యాక మల్లెమొగ్గ అచ్చు తీశాడు. గంధం కింద గోధుమరంగు మచ్చలు. తుడిస్తే పైది పోయింది, గీతల్లోది పోలేదు. అరగదీస్తే తుప్పు పోయింది, దాంతోపాటు మొగ్గ అంచూ పోయింది. పోయిన గీతను మళ్ళీ చెక్కుదామని ఉలి పట్టాడు. చెయ్యి వణికి ఉలి జారింది, మొగ్గకు అడ్డంగా ఒక గాటు పడింది. ఉలి కింద పెట్టి, మిగతా అచ్చులను తిప్పి కూడా చూడకుండా లేచాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. అందుకే నాకు భయమేసింది.

దీపావళి వెళ్ళాక విళుపురం నుంచి ఒక కంసాలి వచ్చాడు, మాలాగే అరవదేశంలో స్థిరపడ్డ తెలుగాయనే. బావను ముందెప్పుడూ చూసినవాడు కాదు. అరుగు మీద కూర్చున్న బావనే, అచ్చులు చేసే కుప్పుస్వామి ఇల్లు ఇదేనా అని అడిగాడు.

“ఇదే. ఆయన పొయ్యినాడు” అన్నాడు బావ.

వచ్చినాయన నొచ్చుకుని, ఎప్పుడని అడిగాడు.

“పూజ దినం.”

అక్క నుదుట కుంకుమతో, చేతిలో మంచినీళ్ళ చెంబుతో గడపలో నిలబడి ఉంది. అశుభం మాట వింటే ఎంతటివాళ్ళనైనా చెడామడా తిట్టే మనిషి. ఆ రోజు మాత్రం చెంబు వచ్చినాయనకు అందించింది.