ఇత్తడి టాకా

లీలమ్మకు ఉద్యోగం వచ్చిన వారానికి, ఆదివారం చర్చి విడిచాక, ఆమె ఇంటికి పోకుండా తిన్నగా బావ సైకిళ్లు బాగుచేసే మోటర్‌ఖానాకు వచ్చింది. రాజన్న అప్పుడు ఎవరిదో సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి వెనక చక్రం వంకర తీస్తున్నాడు.

"బావా, ఆయన సైకిల్ బాగు చేసియ్యి," అంది గడప మీద నిలబడి.

రాజన్న తల ఎత్తలేదు. తిరుగుతున్న చక్రాన్ని అరచేత్తో ఆపాడు.

"నీకెందుకమ్మా సైకిల్?"

"పొద్దుగాల ఏడున్నరకల్లా కంచన్‌బాగ్‌ల ఉండాలె. మొన్న రెండు బస్సులు ఆగకుండ పోయినయి. ఊడ్చే పనికి ఆలస్యంగ పోతే సూపర్‌వైజర్ గేటు కాడనే తిట్టవట్టె. నేను తొక్కుడు నేర్చుకుంట."

బాబురావు రాజన్నకు తమ్ముడు. లీలమ్మ మొగుడు. కంచన్‌బాగ్‌లోని సర్కారు ల్యాబులో హెల్పర్‌గా పనిచేసేవాడు. పోయిన ఏడాది కాక అంతకు ముందు ఏడాది, డెబ్భై తొమ్మిది ఆగస్టులో, వాన పడుతుండగా చాంద్రాయణగుట్ట దిగుడులో సైకిల్ మీంచి పడ్డాడు. వెనకనే వస్తున్న లారీ అతని మీదుగా పోయింది. లారీ ఆగలేదు. నంబరు ఎవరూ చూడలేదు. ఏడాదిన్నర ఆఫీసుల చుట్టూ తిరిగితే ఇప్పటికి లీలమ్మకు అదే ల్యాబులో మొగుడి పేరు మీద ఈ పని దొరికింది. ఇద్దరు ఆడపిల్లలు. గల్లీలో లారీ చప్పుడు వినబడితే చాలు, చేతిలో ఉన్న పని వదిలి, "వాని చేతులు పడిపోను, వాని పెండ్లాం నాలెక్క కావాలె," అని శపించేది. ఆ శాపం విన్నప్పుడల్లా రాజన్న అక్కడినుంచి లేచి వెళ్లిపోయేవాడు. పాపం, తమ్ముని తలుచుకుని బాధపడుతున్నాడని అందరూ అనుకునేవారు.

లాల్‌దర్వాజా వెనక గల్లీలో ఒకప్పుడు ఎవరో నవాబుది పెద్ద దేవిడీ. అది ముక్కలై కిరాయిదార్ల పాలైనప్పుడు ఒక గదీ, దాని పక్కన నవాబు కారు పెట్టుకున్న మోటర్‌ఖానా రాజన్న వాటాకు వచ్చాయి. పగలు ట్రంకుపెట్టెల కార్ఖానాలో వెల్డింగు పని. సాయంత్రాలు, ఆదివారాలు మోటర్‌ఖానాలో సైకిళ్ల మరమ్మతు. రాజన్న చేసిన సైకిల్ మళ్లీ రాదని చుట్టుపక్కల పేరు.

"గది పనికిరాదు లీలమ్మా. వేరేది చూసి పెడత," అన్నాడు.

"నాకు వేరేది వద్దు. మూడు నెలలు ఇద్దరు కలిసి చేసిండ్రు దాన్ని. తుప్పు రాకి రాకి ఆయన వేళ్లు పుండ్లయితే నేనే పసుపు పెట్టిన. ఇయ్యాల అది మూలకు పడి ఉంటే నేను బస్సు కోసం నిలబడాల్నా?"

రాజన్న మళ్లీ చక్రం మీదికి వంగాడు.

ఆమె వెళ్లాక మోటర్‌ఖానా వెనక గోడకు ఆనించిన గోనెసంచుల మూటను విప్పాడు. పోలీసు ఠాణా నుంచి తెచ్చిన రోజు కట్టింది, మళ్లీ విప్పలేదు. అది పాత ఇంగ్లండు సైకిల్. జుమ్మెరాత్ బజార్‌లో ఇనుప సామాన్ల కుప్పలో బాబురావు కంటబడింది. ఒళ్లంతా తుప్పు. అయినా బాబురావు దాన్ని భుజం మీద వేసుకుని వచ్చాడు. క్రిస్మస్‌కు దీని మీదే లీలమ్మను చర్చికి తీసుకుపోతానని పందెం కట్టాడు.

ఆ పందెమే కొంప ముంచింది. డిసెంబర్ ఇరవై దాటాక, అన్నీ అమర్చే ముందు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కును తుడుస్తుంటే దాని కాడ మీద వెంట్రుకంత గీత రాజన్న కంటబడింది. గోటితో గీకి చూశాడు. పగులే. కొత్త ఫోర్కు వేయాలి. ఆ పాత రకానికి సరిపడేది దొరకాలంటే వారం పది రోజులు. బాబురావు బయట కూర్చుని పాట పాడుకుంటూ చక్రాలకు నూనె వేస్తున్నాడు. రాజన్న గ్యాసు వెలిగించి, ఆ పగులు మీద ఇత్తడి కరిగించి టాకా వేశాడు. ఆకురాయితో నున్నగా రాశాడు. పైన నల్లరంగు కొట్టాడు. పండుగ అయినంక మారుద్దాం అనుకున్నాడు. పండుగ అయింది. ఈస్టర్ అయింది. సైకిల్ గుర్రంలా నడుస్తుంటే మాట మరుగున పడింది.

ఠాణాలో సైకిల్‌ను గుర్తుపట్టడానికి పిలిచినప్పుడు రాజన్న ముందు చూసింది దాన్నే. కాడ సగానికి విరిగి ఉంది. విరిగిన చోట సగం పాత తుప్పుతో నల్లగా, సగం కొత్తగా తెల్లగా, నడుమ పసుపు దారంలా ఇత్తడి. లారీ కొట్టి విరిగింది కాదు. విరిగితేనే బాబురావు పడ్డాడు. జమేదారు "ఇదేనా?" అని అడిగితే "ఇదే" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆనాటి నుంచి చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే వరసలో అతను నిలబడలేదు.

లీలమ్మ వచ్చి అడిగిన మరునాడు సాయంత్రం అఫ్జల్‌గంజ్‌లో వైకుంఠం సేఠ్ దుకాణానికి పోయి కొత్త ఫోర్కు అడిగాడు. మూడు తరాలుగా సైకిల్ సామాను అమ్ముతున్న దుకాణం అది.

"కొత్తదెందుకు రాజన్నా?" అన్నాడు వైకుంఠం నవ్వుతూ. "ఒక టాకా వెయ్యి. నీ చెయ్యి పడ్డదంటే పాతదే ఇంకో పదేండ్లు నడుస్తది."

రాజన్న, సేఠ్ చూపించిన నాలుగు ఫోర్కులనూ వెలుగులోకి తెచ్చి, గోటితో గీకి, ఒక్కొక్కటి రాతి మెట్టు మీద కొట్టి చప్పుడు విని, ఒకటి తీసుకున్నాడు.

చీరతో తొక్కాలంటే సీటు ముందున్న డండా ఉండకూడదు. దాన్ని కోసేసి, కిందికి వంగిన గొట్టం అమర్చాలి. గొలుసు మీద రేకు తొడుగు, కొంగు పుల్లల్లో పడకుండా వెనక చక్రానికి జాలీ. తర్వాతి ఆదివారం లీలమ్మ కూడా వచ్చి పనిలో చేయి వేసింది. రాజన్న ఇనుము కోసే రంపంతో డండా కోస్తుంటే ఆమె రెండు చేతులా ఫ్రేమును పట్టుకుంది. కొత్త గొట్టం లోపల ఇనుప ముక్క దూర్చి, పైన ఇత్తడి కరిగించి అతుకు వేశాడు. మంటలో ఇత్తడి నీళ్లలా పారి గొట్టం చుట్టూ పచ్చగా గడ్డకట్టింది.

"బంగారం లెక్క ఉంది బావా," అంది లీలమ్మ. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో కాస్త వెలుగు కనబడింది.

చెయ్యి తుడుచుకునే గుడ్డ కోసం ఆమె పక్కనున్న ఇనుప డబ్బాలోకి చూసింది. పాత సామాన్ల మీద విరిగిన ఫోర్కు పడి ఉంది. దాన్ని బయటికి తీసి చూసింది. వేలితో ఆ పచ్చ గీతను తడిమింది.

"దీనికి గూడ టాకా ఉంది. ఇది ఎప్పుడు వేసినవ్?"

అంగట్ల కొన్నప్పుడే ఉండె అనొచ్చు. ఆ మాట రాజన్న నాలుక చివరి దాకా వచ్చింది. చచ్చినవాడు లేచి కాదనడు. గ్యాసు మంట ఇంకా భుస్సుమంటోంది. దాన్ని ఆర్పాడు.

"క్రిస్మస్ ముంగట వేసిన," అన్నాడు. "అప్పటికే పగిలి ఉండె. మార్చాలని ఎరుకనే నాకు. పండుగకు అందదని టాకా వేసి రంగు కొట్టిన. వానికి చెప్పలే. దిగుడుల అదే విరిగింది లీలమ్మా. లారీ తర్వాత వచ్చింది."

లీలమ్మ చేతిలోని ఫోర్కును కింద పెట్టలేదు.

"ఠాణాల చూసినప్పుడు నీకు ఎరుకైందా?"

"అయింది."

"ఏడాదిన్నర."

"అవును."

ఆమె ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు, చేతిలో ఉన్న ఇనుమెత్తి కొట్టినా బాగుండుననుకున్నాడు.

"మరి ఇన్నొద్దులు నేను ఎవర్ని తిట్టిన బావా?" అంది చివరికి. "ఎవని పెండ్లాం నాలెక్క కావాలని మొక్కిన?"

ఆ మాట అని, రాజన్న గదివైపు ఒక్కసారి చూసి, ఫోర్కును అక్కడే పెట్టి వెళ్లిపోయింది. గదిలో రాజన్న భార్య మాణిక్యమ్మ బియ్యం ఏరుతోంది. తలుపు సందులోంచి అంతా విన్నది. చేట పక్కకు నెట్టి వచ్చింది.

"ఏం వచ్చె నీకు చెప్తే? వాడు లేచొస్తడా? నోరు మూసుకుంటే ఆమె బతుకు ఆమె బతుకుతుండె. ఇప్పుడు నిన్ను గూడ పోగొట్టుకుంది, మనం ఆ పిల్లల్ని పోగొట్టుకున్నం."

మాణిక్యమ్మకు పిల్లలు లేరు. బాబురావు కూతుళ్లే ఆమె దగ్గర సగం పెరిగారు. ఆ రోజు నుంచి వాళ్లు ఈ గల్లీలోకి రాలేదు.

నాలుగు రోజులకు లీలమ్మ వచ్చింది. లోపలికి రాలేదు. బయట మురికినీళ్ల మోరీ అవతలే నిలబడింది.

"సైకిల్ పూర్తి చెయ్యి."

"చేస్త. కానీ..."

"కానీ గీనీ లేదు. నాకు బస్సు దొరకట్లే. సైకిల్ కావాలె. కానీ నీ మాట మీద నేను ఎక్క. నేను పడితే నా పిల్లలు ఎవరి దిక్కు చూడాలె? నెలరోజులు నువ్వు తొక్కు. నా బరువంత ఇసుక మూట వెనక కట్టు. ఆ దిగుడుల, రోజూ, పొద్దుగాల. నేను కింద బస్సు మారే కాడ నిలబడి చూస్త."

రాజన్న సరేనన్నాడు. ఫ్రేముకు ఏ రంగు వేయమంటావని అడగబోయి మానుకున్నాడు. తుప్పు పట్టకుండా కొట్టే ఎర్ర పూత మాత్రం వేశాడు. సోమవారం పొద్దున్నే, కార్ఖానాకు పోయే ముందు, క్యారియర్ మీద ఇసుక మూట కట్టుకుని బయలుదేరాడు. డండా లేని ఆడవాళ్ల సైకిల్ మీద నలభై ఐదేళ్ల మొగవాడు. ఛత్రినాక దగ్గర చాయ్ తాగుతున్నవాళ్లు చూసి నవ్వారు. "రాజన్నా, ఇసుక దుకాణం పెట్టినవా?" అని ఒకడు అరిచాడు.

గుట్ట మీదికి వచ్చాక దిగుడు కనబడింది. కింద బస్టాపు దగ్గర జనం, వాళ్లలో నీలం చీరలో లీలమ్మ. సగం దూరంలో రోడ్డు కుడికి తిరిగే చోటు, తమ్ముడు పడ్డది అక్కడే. ఆ చోటు ఇంకా యాభై గజాలుండగా రాజన్న బ్రేకు పట్టి దిగిపోయాడు. హ్యాండిలు పట్టుకుని నడిపించుకుంటూ కిందికి వచ్చాడు. చొక్కా అంతా చెమట.

లీలమ్మ బస్సు వరసలోంచి కదలలేదు. అతను పక్కనుంచి పోతుంటే మాత్రం అంది:

"నడిపిస్తే లెక్కకు రాదు."

మంగళవారం కళ్లు ముందుకు పెట్టి, పళ్లు కరుచుకుని దిగాడు. హ్యాండిలు వణికిన ప్రతిసారీ కింద ఏదో తెగిందనుకున్నాడు. తెగలేదు. బుధవారం దిగాడు. గురువారం దిగాడు. ఆ మలుపు దగ్గర రోడ్డు మీద చిన్న గుంత ఉంది. చక్రం దానిలో పడి లేచినప్పుడు ఆ అదురు ఒళ్లంతా పాకుతుంది. ఎనిమిది నెలలు తమ్ముడు రోజూ ఈ గుంతలో పడి లేచాడు. ప్రతిసారీ ఆ పగులు ఒక వెంట్రుకవాసి పెరిగి ఉంటుంది. తమ్ముడు ఇక్కడ కూడా పాట పాడుతూ దిగేవాడేమో. ఇప్పటిదాకా తమ్ముడి చావును ఒక్కసారి జరిగిన సంగతిగానే అనుకున్నాడు రాజన్న. అది రోజూ కొంచెం కొంచెంగా జరిగిందని ఆ దిగుడులో తెలిసింది. ఆ తర్వాత అన్నం ముద్ద నోటికి పోవడమే కష్టమైంది. నెల తిరిగేసరికి చొక్కా వదులైంది.

మూడో వారంలో ఒక పొద్దున అకాలపు వాన పడింది. ఇవాళ వద్దని మాణిక్యమ్మ కాళ్లకు అడ్డం పడింది. రాజన్న వినలేదు. దిగుడులో నీళ్లు పారుతున్నాయి. వెనకనుంచి లారీ హారను. పక్కకు తప్పుకోకుండా, వేగం పెంచకుండా, మలుపు తిరిగి కిందికి వచ్చాడు. లారీ అతన్ని దాటుకుని పోయింది. బస్టాపు దగ్గర లీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆ లారీని తిట్టలేదు. అతను కనబడగానే ముఖం తిప్పుకుంది.

ముప్పయ్యో రోజు సాయంత్రం లీలమ్మ వచ్చి సైకిల్ తీసుకుంది. ఇసుక మూటను తానే విప్పి మోటర్‌ఖానా ముందు పెట్టింది. ముందు చక్రాన్ని ఎత్తి నేల మీద మూడుసార్లు కొట్టి చూసింది.

"లీలమ్మా, తొక్కుడు నేర్పిస్త, సీటు పట్టుకుంట," అన్నాడు రాజన్న.

"ల్యాబుల కృష్ణమ్మ నేర్పిస్తనంది," అని నడిపించుకుంటూ వెళ్లిపోయింది.

చర్చి కాంపౌండులో రెండు వారాలు పడుతూ లేస్తూ నేర్చుకుంది. మోచేతుల మీద దెబ్బలు రాజన్న దూరం నుంచి చూశాడు. మార్చి నెల నుంచి రోజూ పొద్దున ఆరున్నరకు ఆ ఎర్ర సైకిల్ గల్లీ మొదట్లోంచి పోయేది. దానికి రంగు ఎప్పుడూ వేయించలేదు. అది కనుమరుగయ్యే దాకా నిలబడి, రాజన్న కార్ఖానాకు అరగంట ఆలస్యంగా పోవడం మొదలుపెట్టాడు. ఆమె సాయంత్రం తిరిగి వచ్చే దాకా ఏ పనిలోనూ చెయ్యి నిలిచేది కాదు. పగిలిన ఫోర్కు ఎవరు తెచ్చినా ముట్టనన్నాడు. టాకా వేయనన్నాడు. కొత్తది కొనుక్కోమన్నాడు. కొందరు విసుక్కున్నారు. క్రమంగా మోటర్‌ఖానాకు వచ్చేవాళ్లు తగ్గారు.

వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం లీలమ్మ సైకిల్ ముందు చక్రంలో గాలి పూర్తిగా పోయింది. గల్లీలోంచి నడిపించుకుంటూ వస్తోంది. చౌరస్తాలో పంక్చర్ దుకాణానికి పోవాలంటే మోటర్‌ఖానా ముందునుంచే దారి. రాజన్న గడప మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు. పంపు చేతిలోకి తీసుకున్నాడు.

"గాలి కొట్టనా లీలమ్మా?"

ఆమె ఆగింది. అతని చేతుల వైపు చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో.

"వద్దు బావా," అంది.

తుప్పర పడుతుండగా చక్రాన్ని ఈడ్చుకుంటూ చౌరస్తా వైపు నడిచింది.