రాయి అవతలి గీత

బాల్జర్ ముసలాయన నిన్న మధ్యాహ్నమే తూర్పు వాలు మీద స్కీల గీత వేసేశాడట. డెబ్బై రెండేళ్ళొచ్చినా మేకపోతులా ఎక్కాడట. ఇంకా జంకడం దేనికని ఎదురింటి మెంజా రొట్టెల కొట్లో అందట. కొట్టావిడ వేడి రొట్టెతో పాటు ఆ మాటనూ నేసా చేతిలో పెట్టింది.

నేసా ఆ ముసలాయన కూతురే. కొండ మీదికి జనాన్ని తీసుకెళ్ళే పనిలో ఆమెకిది మొదటి చలికాలం. జ్యూరిక్ నుంచి వచ్చిన ముగ్గురు పదింటికల్లా తూర్పు వాలు ఎక్కించమని నిన్నటి నుంచి ప్రాణం తీస్తున్నారు. పెద్ద మంచు పడ్డాక మొదటి గీత బాల్జర్ స్కీలదే కావాలి. అది ఊరి పద్ధతి. ఆ జాడ కింద నుంచి కనిపిస్తే చాలు, వాలు మీద మంచు కూలే ప్రమాదం లేదన్నట్టే. ముప్ఫై ఏళ్ళుగా అందరూ దాని వెంటే.

నేసా రొట్టె సంచిలో వేసుకుని శిఖరం వైపు చూసింది. మూడు రోజులుగా పడమటి గాలి. శిఖరం మీద మంచు పొగలా లేచి తూర్పు వాలు మీదే పేరుకుంటోంది. తండ్రేమో రాత్రి అన్నం దగ్గర ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆమె పార భుజాన వేసుకుని ఒక్కతే బయల్దేరింది.

ఊరికి కనిపించే గీత పెద్ద రాయి దాకానే. ఆ రాయి పక్కన, వాలు తక్కువగా ఉన్న చోట గొయ్యి తవ్వింది. నడుము లోతున మంచు పంచదార పలుకుల్లా వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. పై మంచు పట్టు ఎంతో చూడ్డానికి జానెడు వెడల్పున దిమ్మె కోసి, పైన పార పెట్టి తట్టింది. మణికట్టు ఊపుతో పది దెబ్బలు, కదల్లేదు. మోచేతి ఊపుతో ఒకటి, రెండు. మూడోదానికి పై మంచంతా పళ్ళెంలోంచి జారినట్టు వచ్చి ఒళ్ళో పడింది.

రాయి అవతలికి తొంగిచూసింది. తండ్రి గీత నలభై అడుగులు పోయి ఆగింది. అక్కడి నుంచి సన్నటి పగులొకటి వాలుకు అడ్డంగా పాకింది. గీత వెనక్కి తిరిగి, ఊరికి కనపడని చెట్లల్లోకి దూరింది.

ఆమె పరుగున దిగొచ్చేసరికి వాకిట్లో ముగ్గురూ స్కీలు తగిలించుకుని ఉన్నారు. బాల్జర్ వంగి పట్టీ బిగిస్తున్నాడు.

"ఇవాళ అటు వద్దు. పదమూడో దెబ్బకే పై మంచు ఊడింది, మనం కాలు పెడితే వాలంతా కూలుతుంది," అంది నేసా రొప్పుతూ.

"మీ నాన్న నిన్ననే ఎక్కొచ్చాడు కదే పిల్లా! గోతులు తవ్వుకుంటూ కూర్చుంటే చలికాలం అయిపోద్ది," అంది మెంజా, ఎదురు గుమ్మం దగ్గర మంచు తోస్తూ.

వచ్చినవాళ్ళలో పొడుగాయన నవ్వాడు. "మీకు భయమైతే ఉండిపోండి మేడమ్. మేం పెద్దాయనతో వెళ్తాం."

"రాయి దాకా పోయి చూద్దాంలే," అని గొణిగాడు బాల్జర్, తలెత్తకుండా.

నలుగురిలో తండ్రి పరువు తియ్యడానికి నేసాకు నోరు రాలేదు. కానీ పొడుగాయన అప్పుడే గేటు తీస్తున్నాడు.

"రాయి దాటిన నలభై అడుగులకే ఎందుకు వెనక్కి తిరిగావు నాన్నా?"

పట్టీ మీద ముసలాయన వేళ్ళు ఆగిపోయాయి. ఎదురింటి పార చప్పుడూ ఆగింది.

"కాళ్ళ కింద మంచు ధుబ్బుమని కూలబడింది," అన్నాడు బాల్జర్. "భయమేసి పారిపోయొచ్చాను."