సాదా నడుస్తాంది

మరాఠీవాళ్ల ఊళ్లో, అశోక్ చౌక్ వెనకున్న మన నేతగాళ్ల గల్లీలో తెలుగు చదవడం వచ్చినవాడు సిద్ధరాములు ఒక్కడే అంటే అబద్ధమవుతుంది. ఇంకో నలుగురైదుగురు ఉన్నారు. కాని సిద్ధరాములు ఉండగా వాళ్లెవరూ నోరు తెరిచేవాళ్లు కాదు. సిరిసిల్ల నుంచి ఉత్తరం వచ్చినా, పెళ్లిపత్రిక వచ్చినా ముందు ఆయన చేతికే వెళ్లేది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, గొంతు సవరించుకుని, చుట్టూ ఉన్నవాళ్లను కాసేపు నిలబెట్టి, అప్పుడు చదివేవాడు. ఆ నిలబెట్టడంలో ఆయనకొక రుచి ఉండేది. తప్పు పట్టనక్కర్లేదు, పేదవాడికి ఆపాటి దర్జా అయినా లేకపోతే ఎట్లా? ఒక్క మాట మాత్రం అరవై ఏళ్లలో ఆయన నోట ఎవరూ వినలేదు: నాకు తెలియదు అని.

ఆయన పని మగ్గాలకు అట్టలు కొట్టడం, అందుకే గల్లీలో అందరూ ఆయన్ను మాస్టర్ అనేవాళ్లు. చద్దరు మీద నెమలి రావాలన్నా, పువ్వు రావాలన్నా, అంచున కొట్టు పేరు రావాలన్నా ముందు గళ్ల కాగితం మీద నక్షా గీయాలి. నింపిన గడి ఉన్నచోట అట్టకు రంధ్రం పడుతుంది, మగ్గం మీద ఆ పోగు లేస్తుంది. ఖాళీ గడి ఉన్నచోట ఏమీ లేవదు, బట్ట సాదాగా నడుస్తుంది. మగ్గం అదే, మనిషి అదే. అట్టల దండ మారిస్తే నెమలి పోయి పువ్వు వస్తుంది. తీసిన దండను గోడకున్న మేకుకు తగిలిస్తారు, మళ్లీ కావాలన్నప్పుడు దింపుకుంటారు. సిద్ధరాములు ఇంటి గోడ నిండా ఆ దండలే. పెళ్లాం బాలమణి వాటి కింద కూర్చుని బీడీలు చుట్టేది. ఇంట్లో ఉండేది ఇద్దరే.

ఆ గల్లీకి నీళ్ల గండం పాతదే. రోజు విడిచి రోజు సాయంత్రం ఏడింటికి కుళాయి వస్తుంది. ఆ గొట్టం మురికి మోరీ పక్కనుంచే వస్తుంది. వానాకాలంలో ఎక్కడ పగిలినా మోరీ నీళ్లు అందులో కలుస్తాయి. అప్పుడు మునిసిపాలిటీ జీపు చౌక్ దాకా వచ్చి, మైకులో మరాఠీలో ఏదో గడగడా అరిచి, గల్లీలోకి దూరలేక వెనక్కి తిరిగిపోతుంది. గల్లీలో ఆ మాటను తెలుగులో వేసేవాడు పోచయ్య. దప్పు కొట్టి, మూల మూలా తిరిగి, "ఇనుండ్రి, నల్లా నీళ్లు తాగకుండ్రి" అని చాటేవాడు. తొంభైఎనిమిది వానాకాలంలో పోచయ్యకు జ్వరమొచ్చి మంచం పట్టాడు. మగ్గాల మోతలో మైకు ఎవరికీ వినపడలేదు. వాంతులు, విరేచనాలతో రెండు రోజుల్లో ఇద్దరు పోయారు.

ఆ ఇద్దరి చావు సిద్ధరాములును కుదురుగా ఉండనివ్వలేదు. "తెలుగుల చెప్పేటోడు ఒక్కడే, వాడు పండుకుంటే మనం సచ్చుడేనా?" అని కనపడ్డ ప్రతివాడినీ అడిగాడు. అలా అడుగుతూ కేబుల్ గంగాధర్ దగ్గరికి వెళ్లాడు. గల్లీలో ప్రతి ఇంటికీ తీగ లాగినవాడు గంగాధర్. మనవాడే గాని చదివింది మరాఠీ బడిలో, తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. అతని గదిలో టీవీ మీద ఒక నల్లడబ్బా ఉంది. మిద్దె మీదున్న ఛత్రీ డిష్ నుంచి వచ్చే బొమ్మలను విప్పేది, బొమ్మ కింద అక్షరాల పట్టీ నడిపేదీ ఆ డబ్బానే. పట్టీ ఇంగ్లీషులో, మరాఠీలో నడిచేది. పొద్దున మరాఠీ ప్రకటనలు వేసేవాడు. అప్పుడు గల్లీలో మగవాళ్లు మగ్గాల దగ్గర, ఆడవాళ్లు బీడీల కార్ఖానాలో ఆకు కోసం వరుసలో ఉండేవాళ్లు.

"గీ డబ్బాల తెలుగు రాదా?" అని అడిగాడు సిద్ధరాములు.

గంగాధర్ నవ్వి, పుణెలో కంప్యూటర్ పని నేర్చుకొచ్చిన దత్తాత్రిని పిలిపించాడు. దత్తాత్రి డబ్బాను ఇటూ అటూ తిప్పి చూశాడు. "వస్తది మామా. ఇది మగ్గం అనుకో. లోపల నడిచే ప్రోగ్రాం ఉంటది చూడు, అది నీ అట్టల దండ. కంప్యూటర్ల నుంచి తీగ పెట్టి కొత్త దండ ఎక్కిస్తే డబ్బా కొత్త తీరుగ నడుస్తది. కంపెనోళ్లు ఆకాశంల నుంచి కూడ ఎక్కియ్యొచ్చు. తెలుగు అక్షరాలు మాత్రం నా దగ్గర లెవ్వు" అన్నాడు.

"అక్షరాలు నేనిస్త" అన్నాడు సిద్ధరాములు. "మరి తీసిన పాత దండ యాడ తగిలిస్తరు?"

"మేకు లేదు మామా. కొత్తది ఎక్కితే పాతది తుడుచుకపోతది. గంతే."

దండ తీశాక మేకుకు తగిలించకపోవడమనేది సిద్ధరాములు జన్మలో చూడలేదు. కుర్రవాడు ఏదో తమాషాకు అంటున్నాడనుకుని ఆ మాట అక్కడే వదిలేశాడు.

పదకొండు రోజులు కూర్చుని గీశాడు. ఒక్కో అక్షరానికి పదహారుకు పదహారు గడుల చదరం. గుణింతాలు, ఒత్తులు, అన్నీ. "ళ్లు" దగ్గర రెండు కాగితాలు చించాడు, ఎందుకంటే నీళ్లు అన్న మాట ముందు చక్కగా రావాలి. దత్తాత్రి వాటిని కంప్యూటర్లో కొట్టి, డబ్బాలోకి ఎక్కించాడు. మొదటిరోజు సాయంత్రం ఏడింటికి టీవీలో పాట కింద, "అందరికీ నమస్కారం" అని గుండ్రంగా అక్షరాలు నడుచుకుంటూ వెళ్లాయి. బాలమణి చేతిలో బీడీ చేతిలోనే ఉండిపోయింది.

"గవి నువ్వు గీసినయేనా?"

"మరెవడు గీస్తడే?"

"ముద్దుగున్నయి" అంది బాలమణి. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో మొగుడి పనిని ఆమె మెచ్చుకోవడం అదే మొదలు, అదే చివర. సిద్ధరాములుకు ఆ వారమంతా కాలు నేల మీద ఆనలేదు. ఆ ఊపులోనే పోచయ్య ఇంటికి వెళ్లి, "ఇగ నీ దప్పు పని అయిపోయింది పోచయ్యా, పని లేకుండ రికాం ఉండు" అని చెప్పి వచ్చాడు. పోచయ్య దప్పును దూలానికి కట్టేశాడు.

అప్పటినుంచి ఏడయితే చాలు, బాలమణి బీడీల చాట పక్కకు జరిపి అడిగేది, "ఏమొచ్చిందయ్యా?" ఆమెకు అక్షరం ముక్క రాదు. ఆయన చదివేవాడు. గోడ అవతలి నుంచి యమునాబాయి కూడా అదే అడిగేది, తన ఇంట్లో టీవీ నడుస్తున్నా సరే. మాస్టర్ చదివితేనే అది ప్రకటన. కరెంటు తీసేస్తారని, పోలియో చుక్కలు వేస్తారని, ఫలానావాళ్ల ముసలమ్మ పోయిందని. ప్రకటన లేని రోజు పట్టీయే ఉండేది కాదు. రెండుసార్లు గొట్టం పగిలింది, రెండుసార్లూ పట్టీలో వచ్చింది, గల్లీ అంతా నీళ్లు కాచుకుని తాగింది. ఒక్కరికీ కడుపు నొప్పి రాలేదు. సిద్ధరాములు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

అది తొంభైతొమ్మిది జూలై. ఆ మధ్యాహ్నం గంగాధర్ టీవీ మీద ఇంగ్లీషులో ఒక మాట కనపడింది: కొత్త ప్రోగ్రాం వస్తోంది, డబ్బా ఆపవద్దు. కంపెనీవాళ్లు మంచికే పంపారని అతను ఆపలేదు. పదిహేను నిమిషాల్లో డబ్బా తనంతట తాను ఆగి, తనంతట తాను వెలిగింది. బొమ్మ ఇంకా తేటగా వచ్చింది. అతను సంతోషించాడు కూడా. సాయంత్రం మునిసిపాలిటీవాడు చీటీ తెచ్చాడు: అశోక్ చౌక్ వెనక గొట్టం పగిలింది, మూడు రోజులు కుళాయి నీళ్లు తాగవద్దు. గంగాధర్ చీటీ తెలుగు చేసి, ఏ అక్షరానికి ఏ మీట అని దత్తాత్రి మరాఠీ లిపిలో రాసిచ్చిన కాగితం చూసుకుంటూ కొట్టి, ఏడింటికి వచ్చేలా పెట్టాడు. అంతలో కొంతం చౌక్ దగ్గర తీగ తెగిందని కబురొస్తే స్కూటర్ తీసుకుని పరుగెత్తాడు. తెర మీద ఎట్లా వచ్చిందో చూడలేదు.

ఏడింటికి పాట కింద పట్టీ వచ్చింది. అందులో అక్షరం ఒక్కటీ లేదు. ఖాళీ గడులు. ఒకదాని వెనక ఒకటి, వరుసగా, సరిసమానంగా, సరిగ్గా ఆయన అక్షరాలకు గీసుకున్న చదరాలంతే. లోపల చుక్క లేదు.

"ఏమొచ్చిందయ్యా?" అంది బాలమణి. కుళాయి బుసకొట్టడం మొదలైంది, బిందె చంకనెత్తుకుని గడపలో నిలబడింది.

"మాస్టర్, ఏమొచ్చింది?" అని గోడ అవతల యమునాబాయి.

సిద్ధరాములు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఎన్నడూ రానిది వచ్చిందని మనసులో ముల్లు గుచ్చుకున్న మాట నిజం. లేచి గంగాధర్ గదికి పోయి అడిగితే పది నిమిషాల పని. కాని ఇటొకరు, అటొకరు ఆయన నోటి మాట కోసం కాచుకున్నారు. గళ్ల కాగితం మీద ఖాళీ గడులంటే ఏమిటో నలభై ఏళ్లుగా ఆయనకు తెలుసు. అట్టకు రంధ్రం లేదు, పోగు లేవదు, నక్షా లేదు.

"ఏం లేదే. సాదా నడుస్తాంది" అన్నాడు.

"ఏం లేదట" అని యమునాబాయి అవతలి ఇంటికి చెప్పింది. ఆ మాట గల్లీ చివరిదాకా పోయింది, బిందెలన్నీ కుళాయిల కిందికి వెళ్లాయి. అన్నాల వేళకు బాలమణి పాత కుండలో అడుగున మిగిలిన నీళ్లు మొగుడికి వంచింది, అవి చల్లగా ఉంటాయని. కొత్త నీళ్లు తను తాగింది.

తెల్లారేసరికి ఆమెకు మొదలైంది. గల్లీలో ఇంకో ఆరుగురికి కూడా. రిక్షాలో వేసుకుని ఆసుపత్రికి వెళ్లారు. సెలైన్ ఎక్కుతుంటే బాలమణి మొగుడి చెయ్యి పట్టుకుని, "నిన్న టీవీల ఏం రాలేదంటివి గదా, మరి గిదెట్లయింది?" అంది. నిందగా అనలేదు. నిజంగానే ఆమెకు అర్థం కాలేదు. పొద్దు గూకేలోపు ప్రాణం పోయింది. మిగిలిన ఆరుగురూ బతికారు.

మూడోరోజు గల్లీ మొత్తం గంగాధర్ గది మీద పడింది. అప్పటికి సంగతి తెలిసిపోయింది: కొత్త ప్రోగ్రాం వచ్చి తెలుగు తుడిచేసిందని. ఛత్రీ వంచేశారు. డబ్బాను వీధిలోకి లాగారు. గంగాధర్ మూలకు నక్కి ఏడుస్తున్నాడు. "బాలమణిని నీ డబ్బానే మింగింది!" అని యమునాబాయి రాయి ఎత్తింది. అప్పుడు సిద్ధరాములు వచ్చాడు. భుజాన తుండు, చెప్పుల్లేని కాళ్లు.

"ఆగుండ్రి. డబ్బా అబద్ధం చెప్పలే."

"ఏమంటున్నవ్ మాస్టర్? తెలుగు తుడిచేసింది గదా!"

"తుడిచేసింది. ఖాళీ గడులు సూపెట్టింది. నా తాన ఏమీ లేదని అదన్న ఒప్పుకున్నది. నేను ఒప్పుకోలే. నాకు సమజ్ కాలేదని ఒక్క మాటంటే, నా పెండ్లాం బిందె పక్కకు వెట్టేది. నేను సాదా నడుస్తాంది అన్న. మీకందరికీ నేనే చెప్పిన. కొడితే నన్ను కొట్టుండ్రి."

ఎవరూ కొట్టలేదు. యమునాబాయి రాయి కింద పడేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొట్టి ఉంటేనే ఆయనకు కాస్త తెరిపిగా ఉండేది. జనం తలలు వంచుకుని ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

దశదినం అయ్యాక దత్తాత్రి వచ్చాడు, అక్షరాలు మళ్లీ ఎక్కిస్తానని. సిద్ధరాములు గళ్ల కాగితాల కట్ట ఇచ్చాడు. అవి మేకుకే ఉన్నాయి. "అక్షరం లేనప్పుడు ఖాళీ గడి సూపెట్టకురా దత్తూ. నల్లగ నింపు. చూసినోడు భయపడాలె" అన్నాడు.

"గది నా చేతుల లేదు మామా, కంపెనోళ్లు ఎట్లవెడితే గట్లనే. మళ్ల ఎప్పుడన్న పైనుంచి కొత్తది వస్తే ఇయి కూడ పోతయి."

సిద్ధరాములు లేచి నేరుగా పోచయ్య ఇంటికి వెళ్లి, "నాది తప్పు, దప్పు దించు" అన్నాడు. పోచయ్య దించాడు. తోలు సడలిపోయి ఉంటే మంట దగ్గర పెట్టి కాచాడు.

ఇప్పుడు కుళాయి వచ్చే రోజు, ఏడింటికి ముందే ఇద్దరూ గల్లీలో తిరుగుతారు. ముందు సిద్ధరాములు మునిసిపాలిటీ ఆఫీసుకు పోయి అడిగి వస్తాడు, ఆ మాట పోచయ్య చాటుతాడు. ఒకరోజు ఆఫీసుకు తాళం వేసి ఉంది. అడుగుదామంటే మనిషి లేడు. టీవీలో పట్టీ లేదు. బిందెలతో ఆడవాళ్లు గడపల్లో నిలబడ్డారు.

"ఏమని చెప్పాలె మాస్టర్? ఏం లేదని చెప్పన్నా?" అన్నాడు పోచయ్య.

సిద్ధరాములు కళ్లద్దాలు తీశాడు గాని తుడుచుకోలేదు. తన గుమ్మం వైపు చూశాడు. గోడకు అట్టల దండలున్నాయి, వాటి కింద బీడీల చాట బోర్లించి ఉంది.

"నాకు తెల్వదు అని చెప్పు. నా పేరు వెట్టి చెప్పు" అన్నాడు.

పోచయ్య దప్పు మీద మూడు దెబ్బలు వేశాడు. "ఇనుండ్రి! సిద్ధరాములు మాస్టర్‌కు తెల్వదట! నీళ్లు కాచుకొని తాగుండ్రి!"

గల్లీలో ఒక్కొక్క ఇంట్లో పొయ్యి అంటుకుంది. ఆయన కూడా ఇంట్లోకి పోయి, ఒక్కడికి సరిపడా నీళ్లు పొయ్యి మీద పెట్టుకున్నాడు.