రెండు కాపలాలు

రిబ్బను కొస పళ్ళ మధ్య పట్టుకుని కూతురికి జడ అల్లుతూనే, ఆమె చదరంగం బల్ల వైపు చూసింది. మామగారు తన ఎత్తు వేసేశారు.

రోజుకు చెరో ఎత్తు. పొద్దున ఆమె, సాయంత్రం ఆయన. ఆమె భర్త చనిపోయిన ఏడాది, ఇంట్లో ఎవరికీ నోరు పెగలక మొదలైన ఆట అది.

ఆమె గుర్రాన్నీ, అవతలి గట్టు చేరి మంత్రి కాబోతున్న బంటునీ కాస్తున్నది ఒక్క ఏనుగే. ఆయన శకటు గుర్రం మీద గురిపెట్టింది. గుర్రం కోసం ఏనుగు కదిలితే బంటు పోతుంది.

"ఇదన్యాయం మామయ్యా. ఒక్క ఏనుగు ఎన్నని కాస్తుంది?"

"అందుకేగా కొట్టేది, అమ్మాయ్. ఏదో ఒకటి వదులుకో. చెవి విరిగిన ముసలి గుర్రం, ఇంకెంత దూరం దూకుతుంది?"

"రెంటినీ వదలను."

"నీ భయాలకి జీతమిచ్చేవాడుంటే ఈపాటికి మేడ కట్టేద్దుం!" నవ్వబోయారు. నవ్వు దగ్గులోకి, దగ్గు పిల్లికూతల్లోకి దిగింది.

ఎత్తు వెయ్యకుండానే ఆమె పనికి బయల్దేరింది.

లాండ్రీలో ఆవిరికి ఆమె చేతులు మోచేతులదాకా ఎర్రబడి ఉంటాయి. వేళ్ళ మీద పాత కాలుడు మచ్చలు. దుప్పటి కొసలు కలిపినప్పుడల్లా ఒక కొసన పిల్ల, ఇంకో కొసన మామగారు కళ్ళలో మెదులుతారు. అన్నం వేళ వదిలే కాసేపట్లోనే ఇంటికి పరిగెత్తి, నెబ్యులైజర్‌లో ఆయాసం మందు పోసి ఆయనకు మాస్కు పెట్టాలి. అటునుంచటే ఒంటిపూట బడికి వెళ్ళి, పిల్లని పెద్దరోడ్డు దాటించి తేవాలి.

ఆవేళ లాండ్రీలో యంత్రం మొరాయించింది.

"మూటలు అయ్యేదాకా ఎవరూ కదలొద్దు." సూపర్‌వైజరు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మా మామగారికి ఒంట్లో..."

"అందరికీ ఉన్నారమ్మా మామగార్లు."

అతను పక్కకు తప్పుకునేసరికి బడి వదిలే వేళయింది. ఇల్లు ఎడమకు, బడి కుడికి. ఆమె కళ్ళకు రోడ్డూ, లారీ, చక్రం కింద ఎర్ర రిబ్బనూ కనిపించాయి. ఫోను చేసింది.

"మామయ్యా, ఆయాసం ఎలా ఉంది?"

ముందు కూత వినిపించింది. తర్వాత మాట. "బానే ఉన్నా. ముందు... పిల్ల."

"మాస్కు మీరు పెట్టుకోగలరా?"

"పెట్టుకుంటా. వెళ్ళమన్నానా!" ఎన్నడూ కసరని మనిషి కసిరారు.

ఆమె కుడివైపు పరిగెత్తింది. పిల్ల గేటు దగ్గర నీళ్ళసీసా గిరగిరా తిప్పుతూ నిలబడి ఉంది.

"నొప్పెడుతోందమ్మా, చెయ్యి," అంది, రోడ్డు దాటాక కూడా అమ్మ పట్టు వదలకపోతే.

తలుపు తీస్తే ఇంట్లో కూత లేదు. హమ్మయ్య, తగ్గింది, అనుకుంది ఆమె. అన్నిటికీ కీడే శంకించే మనిషి ఆ ఒక్కసారి శంకించలేదు.

ఆయన గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నారు. మందు సీసా మూత బిగించినట్టే ఉంది.

"తాతయ్య నిద్రపోయాడు," గుసగుసగా అంది పిల్ల.

పిల్లని పక్కింటికి పంపి వచ్చి, ఆమె ఆయన పాదాల దగ్గర కూలబడింది. అప్పుడు కనిపించింది బల్ల. తను వెయ్యని ఎత్తు ఎవరో వేసేశారు. ఏనుగు బంటు వెనక నిలబడి ఉంది.

చల్లబడిన గుప్పిట ఒక్కొక్క వేలే విప్పింది. అరచేతిలో అచ్చు పడేంతగా నొక్కుకుపోయి, చెవి విరిగిన గుర్రం.