గుండె చీటీలు

అశోక్‌నగర్‌లో లేస్తున్న అపార్టుమెంటు దగ్గర మిట్టమధ్యాహ్నం పని ఆపించి, కూలీలకు గుండె పరీక్షల శిబిరం పెట్టించాడు బిల్డర్ ఇంద్రసేనరావు. ఫొటో కోసం ముందు తనే చెయ్యి చాపాడు. డాక్టర్ సంజన అతనికి బీపీ ఉందని చెప్పి చీటీ రాసిచ్చింది. అతను దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత పెద్దులు వంతు. పాలమూరు నుంచి వచ్చి ఆరేళ్లుగా ఈ బిల్డర్ కట్టిన మేడలన్నింటికీ ఇటుకలు మోసినవాడు. డాక్టర్ రెండుసార్లు కొలిచింది.

"మెట్లెక్కుతుంటే ఛాతీల పట్టేసినట్టయితదా?"

"అయితది డాక్టరమ్మ. జరసేపు కూసుంటే పోతది."

"బీపీ నూట తొంభై ఉంది. బరువులు మొయ్యొద్దు. రేపే ఈసీజీ తీయించుకోవాలె."

ఆమె రాసిన చీటీని పక్కనున్న మేస్త్రి ఎల్లేశం అందుకుని ఫైల్లో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున గేటు దగ్గరే పెద్దుల్ని ఆపేశాడు ఎల్లేశం.

"నీకు పని లేదే. సైటు మీద నీకేమన్నయితే సారు మెడకు చుట్టుకుంటది."

"మరి దవాఖానకన్న తోలియ్యరాదే?"

"గది మాకెందుకు?"

పెద్దులు ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు. జబ్బు కనిపెట్టింది నయం చేయడానికి కాదు, మనిషిని వదిలించుకోవడానికి.

ఆ మధ్యాహ్నం శిబిరంలో ఆడకూలీల వంతు. లైన్లో ముందున్నది పెద్దులు పెళ్లాం కురుమమ్మ. డాక్టర్ బీపీ పట్టీ చుట్టబోతుంటే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నిన్న నువ్వు రాసిన చీటీ ఏడున్నదో ఎరుకనా డాక్టరమ్మ? మేస్త్రి ఫైల్ల ఉన్నది. మా ఇంటాయనను పనిలకెల్లి తీసేసిండ్రు."

సంజన పట్టీ కింద పెట్టేసింది. "నేను మందుల కోసం రాసిన గదా..."

"కానియ్యండి డాక్టర్! పేపరోళ్లు వచ్చే టైమయింది," పక్కనే నిలబడ్డ ఇంద్రసేనరావు కసిరాడు.

కురుమమ్మ అతని వైపు తిరిగింది. "నీకు గూడ బీపీ ఉన్నదన్నరు గద సారు. నీ చీటీ నీ జేబుల ఉన్నది. నిన్నెవడు గేటు కాడ ఆపిండు? మా ఆయన చీటీ ఆయనకియ్యిండ్రి. పనిలకు తీసుకోండ్రి, మొయ్యని పని చెప్పుండ్రి. అందాక నా చెయ్యి ముట్టనియ్య."

"నువ్వు గూడ పో అయితే!" అరిచాడు ఎల్లేశం.

కురుమమ్మ కదల్లేదు. ఆమె వెనకున్న నర్సింహమ్మ, చీర మీద తొడుక్కున్న మగచొక్కా చెయ్యిని అప్పటిదాకా మోచేతి పైకి మడిచి పట్టుకుని నిలబడింది. ఇప్పుడు దాన్ని మెల్లగా మణికట్టు దాకా దించి, గుండీ పెట్టుకుంది.