మా బావకు ట్యూబు తీసిన రోజు

మా బావ పేరు చెబితే చాలు, నాకు ఒళ్ళు మండిపోయేది. ఆయన దూరప్రయాణాల బస్సు డ్రైవరు. స్టీరింగు పట్టుకున్నాక దిగేదాకా మూత్రానికి వెళ్ళకపోవడం తన గొప్పతనమని ఆయన నమ్మకం. నలుగురు చేరితే చాలు, "మధ్యలో బండి ఆపడం నా చరిత్రలోనే లేదు" అని మీసం మెలేసేవాడు. నేనేమో ఆసుపత్రిలో కొత్త నర్సులకు మూత్రాశయం గురించి, మూత్రం బయటికి రావడానికి వేసే ట్యూబుల, అదే కాథెటర్ల సంరక్షణ గురించి పాఠాలు చెప్పేదాన్ని. "బావా, అది బ్లాడరు, ఎంతపడితే అంత కుక్కడానికి బస్సు డిక్కీ కాదు" అని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. వింటేగా!

చివరికి ఒకరోజు పొట్ట రాయిలా బిగిసిపోయి, చెమటలు కక్కుతూ మా ఆసుపత్రికే వచ్చిపడ్డాడు. ప్రోస్టేట్ గ్రంథి వాచి దారి మూసేసింది. ఏళ్ళ తరబడి బిగబట్టీ బిగబట్టీ సాగిపోయిన బ్లాడరు చేతులెత్తేసింది. ట్యూబు వేసి మందులిచ్చారు. కొన్నాళ్ళకి తీసి చూశారు. చుక్క రాలేదు. మళ్ళీ వేశారు.

ఇక రెండో ప్రయత్నం. ఈసారి కూడా సొంతంగా పోయలేకపోతే ట్యూబు ఉండిపోతుంది, ఆపైన ఆపరేషను మాట వస్తుంది. ఆపరేషనైనా సాగిన బ్లాడరు మళ్ళీ పనిలోకి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. ట్యూబు ఉన్నన్నాళ్ళూ బస్సు ముట్టుకోనివ్వమని కంపెనీవాళ్ళు తెగేసి చెప్పారు. బస్సు లేని బావ ఎలా ఉంటాడో మా అక్క అప్పటికే చూసేసింది. కాలికి సంచి కట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో వెళ్ళే ప్రతి బండి గేరు చప్పుడుకీ వంకలు పెట్టేవాడట. సంచి నిండితే అక్కే కింద కూర్చుని ఖాళీ చేసేది. అప్పుడు మాత్రం ఆ మనిషి నోరెత్తకుండా గోడకేసి చూసేవాడట. ఆ సంగతి అక్క ఫోనులో చెప్పినప్పుడు, నిజం చెప్పొద్దూ, నా కోపం కాస్త జావగారింది.

సరిగ్గా ఆ వారమే నా క్లాసుకి కొత్త బ్యాచ్ వచ్చింది. నాకు పేర్లు గుర్తుండవు, గుణాలు గుర్తుంటాయి. అందులో ఒకమ్మాయిని తొందర అనీ, ఒకబ్బాయిని సందేహం అనీ మనసులోనే పిలుచుకునేదాన్ని. తొందర సగం వాక్యం వినగానే గ్లవ్స్ తొడిగేసేది. సందేహం గ్లవ్స్ తొడగాలంటే ముందు కుడిచేతికా ఎడమచేతికా అని అడిగేవాడు. అయితే ఇద్దరూ, మిగతావాళ్ళూ కూడా చురుకైన పిల్లలే. మా దగ్గర నడుము నుంచి తొడల దాకా మాత్రమే ఉన్న ప్లాస్టిక్ బొమ్మ ఒకటుంది. దాని మీద ట్యూబు వేయడం, తీయడం, సంచి నేలకి తగలకుండా కట్టడం, మడతలు పడకుండా చూడడం అన్నీ చకచకా నేర్చేసుకున్నారు.

ఈ సంగతి అక్క ద్వారా బావ చెవిన పడింది. ఆదివారం వాళ్ళింటికి వెళ్తే నన్ను చూడగానే మొదలెట్టాడు.

"ఏం మరదలా, ఆ తలలేని బొమ్మ మీద ఎంతకాలం నేర్పుతావు? తలున్న బొమ్మని నేనున్నాగా. నాకెలాగూ ట్యూబు తీయాలి, మీ పిల్లల చేతే తీయించు."

"తల ఉందని నువ్వనుకుంటున్నావు బావా."

"చూశావా మీ చెల్లెల్ని!" అని అక్కతో ఫిర్యాదు చేశాడుగానీ, ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు నవ్వాడు. బావకి వైద్యం చేస్తున్న డాక్టరమ్మ కూడా సరేనన్నారు. సొంతవాళ్ళకి మేము స్వయంగా చేయకూడదు కాబట్టి పని పిల్లలది, పక్కన నిలబడి చూడడం నాది.

ట్యూబు తీసే రోజు పొద్దున్నే వార్డులో ఒక మంచం చుట్టూ తెర లాగాము. ట్యూబు జారిపోకుండా లోపలి కొసన నీళ్ళు నింపిన చిన్న బుడగ ఉంటుంది. ఆ నీళ్ళు తీసేశాకే ట్యూబుని కదపాలి. సందేహం సిరంజి తగిలించి నా మొహంలోకి చూశాడు.

"మేడమ్, నేను లాగాలా, దానంతటదే రానివ్వాలా?"

"దానంతటదే రానీ. నీకేమైనా బస్సు దాటిపోతోందా?"

"అంకుల్, గట్టిగా ఊపిరి పీల్చి వదలండి."

బావ ఊపిరి వదిలాడు. ట్యూబు సుతారంగా బయటికొచ్చింది. "అంతేనా?" అన్నాడు బావ, కళ్ళు తెరిచి. "ఈ కుర్రాడికి లైసెన్సు ఇచ్చేయొచ్చు." సందేహం చెవులు ఎర్రబడ్డాయి.

క్లాసంతా నిలబెట్టి చెప్పాను. ఈయన మామూలుగా నీళ్ళు తాగాలి, పోసినదల్లా జగ్గులో కొలవాలి, అప్పుడప్పుడూ వెళ్ళి కనుక్కుంటూ ఉండాలి. చెప్పేసి, వేరే పనిమీద పక్క వార్డుకి వెళ్ళాను. నేను చేసిన ఘనకార్యం అదే. ఎవరు కనుక్కోవాలో, ఎవరు నీళ్ళివ్వాలో చెప్పలేదు.

తిరిగొచ్చేసరికి బావ మంచం పక్కన బల్ల మీద ఖాళీ గ్లాసులు వరసగా నిలబడున్నాయి. తొందర ఒకటి ఇచ్చిందట. ఆమె ఇచ్చిందని తెలియక సందేహం ఒకటి ఇచ్చాడట. తక్కినవాళ్ళు కూడా పుణ్యం మాకూ దక్కనీ అన్నట్టు తలా ఒకటి తెచ్చారట. ఈయనకి ఎవరినీ కాదనే అలవాటు లేదు, వచ్చినవన్నీ తాగేశాడు. పైగా వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే ప్రశ్న.

"అయ్యిందా అంకుల్?"

"ఇంకా లేదమ్మా."

"ఇప్పుడు?"

"నువ్వడిగి నిమిషం కాలేదు కదమ్మా!"

నాకు తల తిరిగిపోయింది. "ఇది బ్లాడరా, ఊరి నీళ్ళ ట్యాంకా? ఎవరు పొయ్యమన్నారు మిమ్మల్ని?" అని అందరినీ కడిగిపారేశాను. స్కాన్ మిషను పెట్టి చూస్తే లోపల నిండుతోంది, ఏళ్ళ తరబడి బిగబట్టడమే నేర్చుకున్న ఆ బ్లాడరు మాత్రం మొండికేసి కూర్చుంది. డాక్టరమ్మ వచ్చి చూశారు. "నేను క్లినిక్ ముగించుకుని వస్తాను. అప్పటికీ రాకపోతే మళ్ళీ ట్యూబు వేసేద్దాం. ఈలోగా నొప్పి మొదలైతే మాత్రం ఆగొద్దు, వెంటనే పిలవండి" అన్నారు. చెబుతూనే కొత్త ట్యూబు ప్యాకెట్టు బల్ల మీద పెట్టించారు.

మంచం పక్కనే ఉన్న అక్క ఆ ప్యాకెట్టు వంక చూసి మొహం తిప్పుకుంది. బావ జోకులు ఆగిపోయాయి.

అక్కణ్ణించి మా సైన్యం రంగంలోకి దిగింది. టాయిలెట్లోకి పంపి కుళాయి తిప్పి ఉంచమంది తొందర. కాళ్ళ మీద గోరువెచ్చటి నీళ్ళు పోసుకుంటే వస్తుందేమోనని సందేహానికి సందేహం. ఈల వెయ్యమని ఒకరు, ముందుకి వంగమని ఒకరు. బావ జగ్గు పట్టుకుని లోపలికెళ్ళడం, బయటికి రావడం, మళ్ళీ వెళ్ళడం. ఆయన లోపలున్నంతసేపూ తలుపు బయట మేమంతా గుంపుగా, నిశ్శబ్దంగా నిలబడేవాళ్ళం. ఎవరికైనా దగ్గు వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నా చెవి అందరికంటే తలుపుకి దగ్గరగా ఉంది.

మూడోసారో నాలుగోసారో తలుపు తెరుచుకుంది. బావ ఖాళీ జగ్గుతో గుమ్మంలో నిలబడి మమ్మల్నందరినీ ఒకసారి కలయజూశాడు.

"మరదలా, ఒక్కమాట చెబుతా, కోప్పడకు. బస్సు నిండా జనం నా వెనక కూర్చుంటారు. ఒక్కడు కూడా నా కాళ్ళ వంక చూడడు. అందుకే బ్రేకు వెయ్యగలుగుతాను, గేరు మార్చగలుగుతాను. ఇక్కడేమో ఇంతమంది ఊపిరి బిగబట్టి చుక్క పడిన చప్పుడు కోసం వింటున్నారు. ఎలా వస్తుందే నాకు?"

"వినకపోతే మాకెలా తెలుస్తుంది బావా?"

"నేను చెప్తాగా! నోరుందిగా నాకు!"

ఎన్నో బ్యాచ్‌లకు పాఠం చెప్పాను. కొలవండి, కనుక్కోండి, కనిపెట్టుకుని ఉండండి అన్నాను. ఆ బొమ్మకి సిగ్గు లేదు కాబట్టి ఎప్పుడు అవతలికి జరగాలో నేర్పాలని నాకు తట్టనేలేదు. కళ్ళ ముందున్నది మా అక్క మొగుడు, మీసాలున్న మనిషి. బడిపిల్లాణ్ణి గుమ్మంలో నిలబెట్టినట్టు నిలబెట్టాను. నా మీద నాకే చిరాకేసింది.

ఆయన చేతిలో కాలింగ్ బెల్లు పెట్టాను. "తలుపు దగ్గరికి వేసుకో, గడియ మాత్రం పెట్టకు. నొప్పొచ్చినా, కళ్ళు తిరిగినా ఇది నొక్కు. మేమెవరం ఇక్కడుండం." తర్వాత పిల్లలకేసి తిరిగి, "అందరూ క్లాసుకి నడవండి" అన్నాను. అక్క కదల్లేదు. "నువ్వు కూడానే" అని చెయ్యి పట్టి లాక్కెళ్ళాను. బెల్లు మోగితే వెళ్ళమని వార్డు సిస్టరుకి చెప్పాను.

అంత కష్టంగా ఎప్పుడూ పాఠం చెప్పలేదు. వార్డు చివరి గదిలో, కావాలనే గట్టిగా, గోడలదిరేలా చెప్పడం మొదలెట్టాను. మూత్రపు సంచి గురించి, దాన్ని ఖాళీ చేసేటప్పుడు గొట్టం కొస జగ్గుకి తగలకూడదన్న దాని గురించి. నోరు పాఠం చెబుతోంది, మనసంతా ఆ తలుపు దగ్గరే ఉంది. అక్క వెనక వరసలో కూర్చుని చేతులు నలుపుకుంటోంది. ఈసారి కూడా కాకపోతే ఆ మనిషి మళ్ళీ ఆ కిటికీ దగ్గరే కూర్చుండిపోతాడని మా ఇద్దరికీ ఒకటే భయం.

"మేడమ్..." సందేహం చెయ్యెత్తాడు.

"ఏమిటి?"

"సంచి బొమ్మ నడుము కంటే పైన కట్టారు. మూత్రం వెనక్కి బ్లాడరులోకి పోదా?"

చూసుకుంటే నిజమే. మొదటి రోజు మొదటి పాఠం, బ్లాడరు కంటే కిందే సంచి ఉండాలని. నేనే తప్పు కట్టాను. క్లాసంతా గొల్లున నవ్వింది, నేను కూడా నవ్వేశాను. సరిగ్గా ఆ నవ్వుల మధ్యే డాక్టరమ్మ గుమ్మంలో కనిపించారు. చేతిలో ఆ కొత్త ట్యూబు ప్యాకెట్టు.

"పేషెంటు మంచం మీద లేడే?"

నవ్వులు టక్కున ఆగిపోయాయి. నేను టాయిలెట్ వైపు చెయ్యి చూపించబోతుంటే, డాక్టరమ్మ వెనకనుంచి గొంతు వినిపించింది.

"కొంచెం జరగండమ్మా, నిండు జగ్గు, తొణుకుద్ది."

బావ! జగ్గు మీద కాగితం కప్పి, రెండు చేతులా పట్టుకుని, పెళ్ళికొడుకు కంటే హుందాగా నడిచొచ్చాడు. తొందర చప్పట్లు మొదలెట్టింది, ఇక క్లాసంతా లేచి నిలబడింది. "క్లాసులోకి తెస్తారా ఎవరైనా దాన్ని? గ్లవ్సేవి? దించు కింద!" అని అరుస్తున్నాను నేను, అరుస్తూనే ఏడ్చేస్తున్నాను. నాకు అంత సంతోషం వేసింది.

"నీ గొంతు ఈ చివర్నుంచి వినపడుతుంటే, హమ్మయ్య, ఇవాళ్టికి తిట్లు వేరేవాళ్ళకి అనుకున్నా మరదలా. అంతే, దానంతటదే వచ్చేసింది."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ, లోపల ఎంత మిగిలిందో చూడాలన్నారు. సగం పోసి సగం మిగిలితే లాభం లేదు. బావని మంచం మీద పడుకోబెట్టి తెర లాగాం. స్కాన్ మిషను తొందర చేతికిచ్చాను. ఎప్పుడూ పరుగులు తీసే ఆ పిల్ల, బావ పొట్ట మీద చల్లటి జెల్లు రాసే ముందు, "చల్లగా ఉంటుంది అంకుల్, పెట్టనా?" అని అడిగి, ఆయన ఊఁ అన్నాకే పెట్టింది. మిషను తెర మీది అంకె చూసి డాక్టరమ్మ తలూపారు.

"దాదాపు ఖాళీ. ట్యూబు అక్కర్లేదు. మందులు మానకండి. వచ్చే వారం ఇంకోసారి చూద్దాం, ఇలాగే ఉంటే బండెక్కొచ్చు." ప్యాకెట్టు జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

బావ లేచి కూర్చుని చొక్కా సర్దుకున్నాడు. అక్క వంగి, ఇన్నాళ్ళ అలవాటు ప్రకారం, మంచం కింద పెట్టిన జగ్గు తీసుకోబోయింది. బావ ఆమె కంటే ముందే వంగి జగ్గు అందుకున్నాడు.

"వద్దు, నేను పారబోస్తాను. ఇన్నాళ్ళూ నువ్వు చేస్తుంటే నీ మొహం చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదే. అందుకే గోడకేసి చూసేవాణ్ణి."

"నాకు తెలుసులెండి" అంది అక్క.

బావ జగ్గు పట్టుకుని టాయిలెట్ వైపు వెళ్ళాడు. సందేహం గబగబా ఆయన వెనక బయల్దేరబోతే చొక్కా పట్టుకుని ఆపాను. లోపల నీళ్ళు పోసిన చప్పుడైంది, తర్వాత కుళాయి చాలాసేపు పారింది. బావ తడిచేతులు విదిలిస్తూ వచ్చాడు. అక్క ఎదురెళ్ళి, మెడలోని స్కార్ఫు తీసి, ఆ రెండు చేతులూ వేలు వేలునా తుడిచింది. ఆయన ఆమె మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. కడిగిన చేతుల్ని ఒంటిమీది గుడ్డతో తుడవకూడదని ప్రతి బ్యాచ్‌కీ గొంతు చించుకుని చెప్తాను. ఆ పూట క్లాసంతా చూస్తున్నా నోరు మూసుకున్నాను.