ఆకురాయి గీతలు

కృష్ణయ్య పేరు వింటే మొగులయ్యకు కడుపు రగిలేది. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం పెట్టి, వచ్చినవాడికల్లా పాన్ తినిపించి మంచివాడనిపించుకున్న కృష్ణయ్యే, మొగులయ్య తండ్రి పోయిన పదకొండో రోజున పలకరించడానికని వచ్చి, "ఉర్దూ కాగితాలు నీకేం తెలుస్తయి రా, పట్వారీ ముంచుతడు. మీ నాయిన పొలానికి కౌలు కాగితం నేను రాయిస్తా" అని వేలిముద్ర వేయించుకుపోయాడు. అది కౌలు కాగితం కాదు, అమ్మకం కాగితం. మూడో తరగతిలో పంతులు కొట్టాడని బడి ఎగ్గొట్టి సైకిల్ మిస్త్రీ దగ్గర చేరిన మొగులయ్యకు ఆ సంగతి తెలియడానికి మూడేళ్లు పట్టింది.

తెలిసిన నెలలోనే దావా వేశాడు. దావా నడుస్తూనే ఉంది, దోస్తీ కూడా నడుస్తూనే ఉంది. కోర్టు మెట్ల మీద ఎడమొహం పెడమొహం, దిగి వచ్చాక అదే హోటల్లో చాయ్. ఏటా దసరా అయ్యాక మొగులయ్య, కృష్ణయ్య, లాడ్‌బజార్‌లో లక్క గాజులు చేసే ఇషాక్, ముగ్గురూ కలిసి శాలిబండలో మొగులయ్య పెట్టుకున్న దుకాణంలోని కిరాయి సైకిళ్ల మీద నాలుగైదు రోజులు ఊళ్లు తిరిగి రావడం కుర్రతనం నుంచి ఉన్న అలవాటు. అది మానేస్తే ఎవడు ఎవడికి భయపడ్డాడో శాలిబండ అంతా చెప్పుకుంటుంది. అందుకని ఇద్దరూ మానలేదు.

జర్మనీ యుద్ధానికి రెండేళ్ల ముందు సంగతి ఇది. దసరా వెళ్లాక వచ్చే సోమవారం పేషీ పడింది. ఇద్దరూ స్వయంగా వచ్చి వాంగ్మూలం ఇవ్వాలి, రానివాడి తరఫున వకీలు నోరు విప్పినా వినేది లేదు, వచ్చినవాడిదే భూమి అని జడ్జి గట్టిగా చెప్పాడు. ఆ మాట విన్నప్పుడే మొగులయ్యకు బుద్ధి పుట్టింది.

ఈసారి మన్ననూరు ఘాట్ ఎక్కుదాం అన్నాడు. గురువారం బయలుదేరితే ఆదివారం పొద్దుగూకేసరికి ఇంట్లో ఉంటాం, కొండ మీద కూర్చుని రాజీ మాట కూడా మాట్లాడుకుందాం అన్నాడు. రాజీ అనేసరికి కృష్ణయ్య వెంటనే ఒప్పుకున్నాడు. వానలకు అచ్చంపేట ఇవతల వాగు మీద రోడ్డు కొట్టుకుపోయి పట్నం నుంచి వచ్చే బస్సు మొత్తానికే ఆగిపోయిందని మొగులయ్య ముందే కనుక్కున్నాడు. అక్కడ సైకిల్ చెడితే నడిచి రావాల్సిందే. నడిస్తే సోమవారానికి చేరడం ఎవడి తరమూ కాదు.

సైకిల్ వెనక చక్రానికి ఫ్రీవీల్ ఉంటుంది. అందులో రెండు చిన్న ఇనుప పలుకులు పళ్లను కరిచి పట్టుకుంటేనే తొక్కిన తొక్కుడుకు చక్రం తిరుగుతుంది. మిస్త్రీలు వాటిని కుక్కలంటారు. దసరా ముందు రోజు మొగులయ్య ఒక చక్రం విప్పి, ఆ రెండు కుక్కల మూతులూ ఆకురాయితో అరగదీశాడు. ఎంత కావాలో అంతే. సాపు రోడ్డు మీద రెండు రోజులు నడుస్తాయి. బరువైన మనిషి ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కితే జారిపోతాయి. కృష్ణయ్య ఎనిమిది మణుగుల మనిషి. మూడు సైకిళ్లూ ఒకే రకానివి కాబట్టి గుర్తు ఉండాలని, ఆ చక్రం నడిమి గొట్టం మీద కుంకుమ బొట్టు ఒకటి పెట్టాడు.

మర్నాడు పూజ. పానాలు, సుత్తెలు, పంపు, విప్పిన చక్రాలు అన్నీ కడిగి గోడకు ఆనించి పెట్టారు. భార్య ఆగమ్మ తలస్నానం చేసి వచ్చి దేనికీ తక్కువ చేయకుండా అన్నిటికీ పసుపు రాసి, అన్ని చక్రాల నడిమి గొట్టాలకూ కుంకుమ పెట్టింది. మొగులయ్య వచ్చి చూసి గుడ్లు తేలేశాడు. అడుగుదామంటే ఏమని అడగాలి? పూజలో పెట్టినవాటిని ఆ రోజు ముట్టుకోకూడదు. గురువారం తెల్లవారి చక్రాలు తిప్పి చూశాడు. ఉత్తినే తిప్పితే అన్నీ ఒకేలా కటకటమంటాయి. విప్పి చూద్దామంటే కృష్ణయ్య, ఇషాక్ అప్పటికే వాకిట్లోకి వచ్చేశారు. గోడ మూలన ఉన్నదే అయి ఉంటుందని గట్టిగా అనుకుని దాన్ని కృష్ణయ్య బండికి బిగించాడు.

మొదటి రోజు కల్వకుర్తి, రెండో రోజు వాగులో సైకిళ్లు భుజాన మోసుకుని దాటి అచ్చంపేట. కృష్ణయ్య దారిపొడుగునా పాటలు పాడాడు. మొగులయ్య వెనక ఉండి వాడి చక్రం చప్పుడు వింటూ తొక్కాడు. ఇషాక్ వెంట తెచ్చిన రొట్టెలు ముగ్గురికీ పంచి, మొగులు భాయ్ ఈసారి మస్తు నిమ్మళంగా ఉన్నాడని మెచ్చుకున్నాడు.

శనివారం పొద్దున ఘాట్ మొదలైంది. ఒక పక్క బండ, ఒక పక్క లోయ, వెదురు పొదలు. మూడో మలుపు దగ్గర ఎత్తు నిటారుగా లేచింది. కృష్ణయ్య సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతున్నాడు. ఇప్పుడు, ఇప్పుడు అని మొగులయ్య పళ్లు బిగబట్టి తనూ లేచి తొక్కాడు.

కటుక్కుమంది. మొగులయ్య కాళ్ల కింద పెడల్ ఉత్తుత్తిగా తిరిగింది. మోకాలు పోయి హ్యాండిల్‌కు తగిలింది.

ముందు పోతున్న ఇద్దరూ దిగి వచ్చారు. ఇషాక్ తన సైకిల్ హ్యాండిల్ మొగులయ్య చేతికి ఇచ్చి, సోమవారం నీకు పేషీ ఉంది కదా భాయ్, దీని మీద నువ్వు పో, నేను మెల్లగా నడిచొస్తా అన్నాడు. ఇచ్చాక ఊరుకోక, బాగవుతుందేమో చూద్దామని మొగులయ్య సంచిలోంచి సుత్తె, మేకు తీసి ఫ్రీవీల్ విప్పబోయాడు. మొగులయ్య వద్దన్నాడు. రెండుసార్లు వద్దన్నాడు. ఇషాక్ నవ్వి మేకు పెట్టి కొట్టాడు. గుండ్లు రాలి దుమ్ములో పడ్డాయి, రెండు కుక్కలూ అరచేతిలోకి వచ్చాయి.

గాజుకు అద్దం ముక్క పొదిగే కళ్లు అవి. వెలుగుకు పెట్టి చూశాడు.

"మొగులు భాయ్, వాడి వాడి అరిగింది గిట్ల ఉండదు, నున్నగుంటది. ఇది ఆకురాయి పెట్టిన గీత. కొత్త గీత."

కృష్ణయ్య ఒక కుక్కను తీసుకుని చూసి, తన సైకిల్ వైపు చూసి, మళ్లీ మొగులయ్యను చూశాడు. బట్టల వ్యాపారికి లెక్క తెలియడానికి ఎంతసేపు.

"నాకు పెట్టవోయి నీకే పెట్టుకున్నవా రా?"

"నా భూమి తిన్నవు" అన్నాడు మొగులయ్య. "నిన్ను ఈ గుట్ట మీదనే కూసోవెడదామనుకున్న. గంతే."

ఇషాక్ వచ్చి తన సైకిల్ హ్యాండిల్ మీద నుంచి మొగులయ్య చేతిని మెల్లగా తీసేశాడు. అంత మెల్లగా తీయకుండా కొట్టి ఉంటే బాగుండేదని మొగులయ్యకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

"ఈ లోయ పక్కన నేను పడితే ఏమయ్యేది భాయ్? నా చక్రానికి ఏం జేసినవో నాకేం తెలుసు?"

ఏమీ చేయలేదని మొగులయ్య ఒట్టు పెట్టాడు. ఇషాక్ వినలేదు. మిగిలిన రొట్టెలు రెండు గుడ్డలో చుట్టి బండ మీద పెట్టి సైకిల్ తిప్పాడు. కృష్ణయ్య ఎక్కబోతూ ఆగి, "పైలం రా మొగులూ, పేషీల నిన్ను అడిగితే గుట్ట మీద గాలి తింటున్నడని చెప్తలే" అన్నాడు. దిగుడు కదా, ఇద్దరూ తొక్కకుండానే మలుపు తిరిగిపోయారు.

మొగులయ్య తీగతో ఫ్రీవీల్‌ను చువ్వలకు కట్టి తొక్కి చూశాడు. మూడు మైళ్లలో ఆరు చువ్వలు తెగాయి. అక్కడి నుంచి సైకిల్‌ను తోస్తూ, మోస్తూ నడిచాడు. మంగళవారం మధ్యాహ్నం వాచిన కాళ్లతో తిన్నగా కోర్టుకే వెళ్లాడు. నిన్న చప్రాసీ మూడుసార్లు పేరు పిలిచాడట. కృష్ణయ్య ఇస్త్రీ షేర్వానీలో నిలబడి ఉన్నాడట. దావా కొట్టేశారు.

ఆగమ్మతో రెండు నెలలు మాట్లాడలేదు. ఎందుకో ఆమెకు చెప్పనూ లేదు. తర్వాత సొంత సైకిల్ కొనుక్కున్న ఇషాక్ ఇప్పటికీ పంక్చర్ పడితే చార్మినార్ దాటి ఇంకో దుకాణానికి తోసుకుపోతాడు. రెండు కుక్కలనూ మొగులయ్య తంబాకు డబ్బాలో దాచుకున్నాడు. కృష్ణయ్య ఎప్పటికైనా ఒక సైకిల్ కొంటాడు, చెడగొట్టుకుంటాడు, ఏదో ఒక నాడు ఈ గల్లీలోకి తోసుకొస్తాడు. అందాకా ఆకురాయిని నూనె గుడ్డలో చుట్టి తుప్పు పట్టకుండా ఉంచుతాడు. దావాలో పోయిన భూమి ఫలక్‌నుమా గుట్ట కింద, మోట బావిలో సగం వాటాతో కలిపి, ఒక ఎకరం పదకొండు గుంటలు.